మా అమ్మ పలకని పేరు

ఈ రాతలో ఒక్క పేరే ఉంటుంది. అది నాది. మా తమ్ముడి పేరు రాయను, దాన్ని ఇప్పటికే చాలినంత పిలిచారు. మా అమ్మ పేరూ నాయన పేరూ అక్కర్లేదు. మా అవ్వ పేరు విడిగా చెప్పే పనే లేదు, ఆమెదీ నాదీ ఒకటే పేరు. నా బాధంతా అక్కడే ఉంది.

నా పేరు ఓబుళమ్మ. నాకు నలభై రెండేళ్ళు. పోయిన ఎండాకాలం వరకు మా అమ్మ నన్ను ఆ పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు. ఆమె మూగది కాదు, మతిమరుపు మనిషి అసలే కాదు. కలిసిపోయిన రెండు మందల్లో ఏ గొర్రె ఎవరిదో దూరం నుంచే చూసి చెప్పేస్తుంది. కన్నకూతురి పేరు మాత్రం నోట్లోంచి రాదు. ఎందుకంటే అది అత్త పేరు. అత్త పేరు కోడలు పలకకూడదు. అంతే కారణం. ఇంత చిన్న కారణంతో ఒక మనిషిని కన్నతల్లి దగ్గర నలభై ఏళ్ళు పేరు లేకుండా బతికించొచ్చు అన్నది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. చల్లారాక రాద్దామని చాలాసార్లు అనుకున్నాను. చల్లారేలా లేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

పెనుకొండ నుంచి రొద్దం పోయే దారిలో మా ఊరు. అహోబిలం నరసింహస్వామిని మా వైపు ఓబుళేశుడంటారు. ఆయన పేరు మీద మా చిన్నప్పుడు ఏ ఇంట్లో చూసినా ఒక ఓబుళేసో ఓబుళమ్మో ఉండేవాళ్ళు. మా బడిలో ఒక్క తరగతిలోనే ఐదుగురు ఓబుళమ్మలం. అయ్యవారు విసిగిపోయి పొడుగు ఓబులమ్మ, నల్ల ఓబులమ్మ, గొర్రెలోళ్ళ ఓబులమ్మ, బావికాడ ఓబులమ్మ అని విడగొట్టాడు. నేను చీమిడి ఓబులమ్మను. చీమిడి తగ్గిన తర్వాత కూడా ఐదో తరగతి దాకా ఆ బిరుదు నన్ను వదల్లేదు.

ఎక్కువమందికి ఉన్న పేరు తొందరగా అరిగిపోతుంది. ఓబుళమ్మ అని నిండుగా పలికే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఓబులమ్మ, ఓబ్లమ్మ, ఓబక్క, ఓబ్లీ. ఎవరి నోటికి ఎంత వస్తే అంత. నిండుగా పలికేది ఊళ్ళో ఒక్క మా అవ్వే. నడుమ ఉన్న 'ళ' దగ్గర నాలుక మడిచి, అక్కడ ఒక్క క్షణం ఆగి, అప్పుడు మిగిలింది పలికేది. ఆ పేరు తన సొంత ఆస్తి అన్నట్టుండేది ఆ పలకడం. నిజానికి ఆస్తే. నాకు ఆ పేరు పెట్టి తీరాలని పట్టుబట్టింది ఆమే.

"నా పేరు పెడితే నేను సచ్చినాక గూడా ఈ ఇంట్లోనే తిరుగుతాంటా," అందట.

నా చెవిలో మేనత్త మూడుసార్లు పేరు చెప్పే సమయానికి మా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయిందట. వినడం కూడా మర్యాద కాదని ఆమెకు ఎవరు చెప్పారో తెలీదు. నేను పుట్టి అప్పటికి ఇరవై ఒక్క రోజులు. అందరూ నా పేరు విన్నారు, కన్నతల్లి తప్ప.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు దాకా కోపం వస్తుంది. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు మా తమ్ముడు. వాడికి మా తాత పేరు పెట్టాలి, అది ఆనవాయితీ. తాతే వద్దన్నాడట. "నా పేరు పెడితే కోడలు వాణ్ని ఎట్ల పిలుస్తాది? మొగపిల్లోడు, చేన్లో యాడుంటాడో గుట్టల్లో యాడుంటాడో. పిలిచేదానికి బాగుండే పేరు ఏదన్నా పెట్టుకోండి," అన్నాడట. ఇంట్లో అందరూ తాత తెలివిని మెచ్చుకున్నారు. మగపిల్లవాణ్ని తల్లి పిలవాల్సి వస్తుందని వాళ్ళకు తోచింది. ఆడపిల్లనూ ఎప్పుడైనా పిలవాల్సి వస్తుందని ఒక్కరికీ తోచలేదు.

వాడికి గోడమీది క్యాలెండరులోంచి మంచి పేరు తీసి పెట్టారు. మా అమ్మ ఆ పేరును పొద్దున లేచింది మొదలు ఎన్నిసార్లు పిలిచేదో చెప్పలేను. చెనక్కాయ చేనుకు ఆ గట్టు మీద నిలబడి ఈ గట్టుకు వినపడేలా సాగదీసి పిలిచేది. కొట్టడానికి పిలిచేది, అన్నానికి పిలిచేది, ఏమీ పని లేకున్నా పిలిచేది. నన్ను మాత్రం 'మే', 'పాపా', 'ఇదో', 'ఈపొద్దు బడి ల్యాదా'. అంతే. నేను దూరంగా ఉంటే పిలవడానికి తమ్ముణ్ని పంపేది. వాడొచ్చి "అమ్మ పిలుస్తాంది" అనేవాడు. నన్ను ఎప్పుడూ వాడే పిలిచాడు, ఆమె కాదు.

పిలవకపోవడంతో అయిపోలేదు. అత్త పేరున్న బిడ్డను కోడలు కొట్టకూడదు. కొడితే అత్తను కొట్టినట్టు. తిట్టకూడదు, తిడితే అత్తను తిట్టినట్టు. ఒకసారి నేను ఇంటి ముందు ఆరబోసిన రాగుల మీద కోళ్ళను వదిలేస్తే మా అమ్మకు చెయ్యి లేచింది. అరుగు మీద కూర్చున్న అవ్వ, "కొట్టు, కొట్టు. నన్నే కొడ్తాండావులే," అంది, నింపాదిగా, ఆకు నములుతూ. లేచిన చెయ్యి కిందికి దిగింది. ఆ పొద్దు నా బదులు తమ్ముడు తిన్నాడు దెబ్బలు.

"నీది అదృష్టం మే, ఒక దెబ్బ పడదు," అనేవాళ్ళు బడిలో పిల్లలు. వాళ్ళకేం తెలుసు? తమ్ముణ్ని కొట్టిన చెయ్యే కాసేపటికి వాడి తల నిమిరేది, ముద్దలు కలిపి పెట్టేది. నాకు కొట్టడమూ లేదు, ఆ తర్వాత నిమరడమూ లేదు. ఇంటికొచ్చిన చుట్టంలాగా నన్ను మర్యాదగా చూసుకునేది. కన్నతల్లి మర్యాదగా చూస్తుంటే పిల్లకెట్లా ఉంటుందో ఆ మర్యాద నేర్పినవాళ్ళకు తెలియదు.

పదేళ్ళప్పుడు అడిగేశాను. అవ్వ కదిరి తిరునాళ్ళకు వెళ్ళింది. నాయన చేన్లో ఉన్నాడు. అమ్మా నేనూ విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తున్నాం.

"మా, ఒక్కసారి నా పేరు అను. అవ్వ ఈడ ల్యాదు."

మా అమ్మ నిజంగానే తలుపు వైపు చూసింది. ఆ చూడ్డంతో నాకు ఆశ పుట్టింది. అంటుందనుకున్నాను.

"తప్పు," అంది. ఒలిచిన గింజలు ఒక దోసెడు తీసి నా ఒళ్ళో పోసింది. "తిను."

నేను వాటిని ఇల్లంతా విసిరికొట్టాను. విత్తనపు గింజలవి, తింటేనే నాయన ఊరుకోడు, అలాంటిది విసిరాను. కొట్టమని, కనీసం తిట్టమని అలా చేశాను. మా అమ్మ ఒక్క మాట అనకుండా వంగి మూలమూలలా ఏరుకుంది. అవ్వ ఇంట్లో లేకపోయినా ఉన్నట్టే ఉంది.

పదో తరగతి తర్వాత హిందూపురంలో ఇంటర్ చేర్పించారు. అక్కడ హాస్టల్లో నా పేరు ఇంకోలా తయారైంది. అక్కడ సగం మంది ఇళ్ళలో కన్నడం. వార్డెన్ ఓబళమ్మా అని పిలిచేది. వినడానికి బాగానే ఉండేది కానీ అది నేను కాదు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు లెక్చరర్ హాజరు పట్టీ దగ్గర ఆగి, "ఓబు... ఇదేం పేరమ్మా, ఎలా పలకాలి?" అని నవ్వాడు. క్లాసంతా నవ్వింది. నేను లేచి, "మీకు నోరు తిరక్కపోతే నా పేరుదా తప్పు?" అన్నాను. బయట నిలబెట్టాడు. గంటసేపు ఎండలో నిలబడి ఆయన మీద కాదు, మా అమ్మ మీద కోపం తెచ్చుకున్నాను. ఇంట్లో ఒక్కసారి సరిగ్గా పిలిచి ఉంటే బయట ఎవడెలా అన్నా నాకు పట్టేది కాదు.

రెండో ఏడు చదువుతుండగా అవ్వ పోయింది. నాకు ఏడుపు వచ్చింది, అబద్ధం చెప్పను. నన్ను నా పేరుతో పిలిచే ఒకే ఒక్క గొంతు పోయిందని ఏడ్చాను. పదకొండో రోజు అన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయాక, మా అమ్మ పెరట్లో గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చున్నాను. ఇంక ఈ ఇంట్లో ఆమెను ఆపేవాళ్ళు ఎవరూ లేరని నా ధైర్యం.

"ఇంగ పిలుస్తావా మా?"

మా అమ్మ చేతిలో గిన్నె ఆగింది. "బతికినప్పుడే మేలు. తిరునాళ్ళకు పోతే ఇనపడేది కాదు. ఇప్పుడు యాడున్నా ఇంటాది," అంది.

మరుసటి రోజు పొద్దున మొదటి బస్సుకే హిందూపురం వెళ్ళిపోయాను. బస్సు కదిలేదాకా మా అమ్మ పక్కనే నిలబడింది. "మే, జాగ్రత్త," అంది.

పెళ్ళయి ధర్మవరం వచ్చాను. మా ఆయన 'ఏమే' అంటాడు, మా అత్త 'ఏం పిల్లా' అంటుంది. నేనొక పట్టుచీరల షాపులో పనిచేస్తున్నాను. ఇప్పుడు అమ్మకమంతా ఫోన్లోనే. పొద్దున పదకొండింటికి లైటు వేసి, కెమెరా ముందు కూర్చుని ఒక్కో చీర మడత విప్పి అంచు చూపించి, కొంగు చూపించి మాట్లాడాలి. మొదటి రోజు, "నమస్తే అండీ, నేను ఓబుళమ్మను," అన్నాను. షాపాయన అక్కడే కెమెరా ఆపేశాడు. "ఏమ్మా, ఆ పేరు చెప్తే మనవి ముసలోళ్ళ చీరలనుకుంటారు," అని నాకు ఒక రెండక్షరాల పేరు పెట్టాడు. ఇప్పుడు ఎక్కడ రాయి వేసినా తగిలే పేరు. ఆ పేరుతో నాకు హైదరాబాదులో, బెంగళూరులో అక్కచెల్లెళ్ళు ఉన్నారు. నేను మాట్లాడుతుంటే గుండె గుర్తులు పంపుతారు. చీరలు అమ్ముడుపోతాయి. నేను కోపంతో అంచులు గట్టిగా లాగి మడత పెడుతుంటాను.

పేర్లకు కూడా ఒక కాలం ఉంటుంది కాబోలు. మా ఊరి బడికి ఈ మధ్య వెళ్తే ఒక్క ఓబుళమ్మా లేదు. ఇంతమందిమి ఉండేవాళ్ళం, ఏమైపోయాం? మా ఐదుగురిలో ఇద్దరు ఆధార్లో పేరు మార్పించుకున్నారు. ఒకామె పోయింది. ఇంకొకామెను బెంగళూరులో పనిచేసే ఇంట్లో వాళ్ళు పలకలేక 'అమ్మూ' అంటారట. మిగిలింది నేనూ, నా మొండితనమూ.

నాకు కూతురు పుట్టినప్పుడు మా అత్త తన పేరు పెట్టమంది. "పెట్టను," అన్నాను. ఇంట్లో పెద్ద రభస. మూడు నెలలు మా అత్త నాతో మాట్లాడలేదు, మాట్లాడకపోతే పోనీ అని నేనూ అనుకున్నాను. ఫోన్లో వెతికి ఎవరి పేరూ కాని పేరు పెట్టాను. ఇప్పుడు దాని తరగతిలో అదే పేరు నలుగురికి ఉంది. టీచరు ఇంటిపేరు మొదటి అక్షరం చేర్చి పిలుస్తుందట. అయితే ఏం? నేను మాత్రం వాకిట్లోంచి, మిద్దె మీద నుంచి, పని ఉన్నా లేకున్నా పిలుస్తూనే ఉంటాను. "వినపడిందిలే మా, ఎందుకట్ల అరుస్తావు?" అని విసుక్కుంటుంది. విసుక్కోనీ. అంత పిలుపు ఉంది కాబట్టి విసుక్కుంటోంది.

పోయిన ఎండాకాలం మా నాయన పోయాడు. ఆయన పేరు మీదున్నవి మా అమ్మ పేరుకు మారాలంటే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు కావాలి. తమ్ముడే అన్నీ చూసుకుంటున్నాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"అక్కా, చిన్న తిరకాసు ఉండాది. ఇంటి పాత రేషన్ కార్డులో నీ పేరు లేదు."

"లేకపోవడమేంది?"

"పాప అని ఉండాది."

ఎప్పుడో, నేను బళ్ళో చేరకముందు, ఇళ్ళకు వచ్చి పేర్లు రాసుకున్నారట. ఆ పూట ఇంట్లో మా అమ్మ ఒక్కతే ఉంది. కొడుకు పేరు అడిగితే గట్టిగా చెప్పింది. కూతురి పేరు అడిగితే 'పాప' అంది. వచ్చినాయన పాప అని రాసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత కార్డు మారిన ప్రతిసారీ పాత కార్డు చూసి కొత్తది రాశారు. నాయనకు చదువు రాదు, వేలిముద్ర వేసుకుంటూ పోయాడు. బడిలో మాత్రం నాయనే చేర్చాడు కాబట్టి నా పేరు నాకు దక్కింది. మొత్తానికి కాగితాల్లో మా నాయనకు పాప అని ఒక కూతురు ఉంది. ఓబుళమ్మ అని కూతురు లేదు.

మా వైపు ఇళ్ళలో ఎంతమంది పాపలు ఇలా కార్డుల్లో ఉండిపోయారో. మా సీమలో అన్నిటికంటే ఎక్కువమంది ఆడపిల్లలకున్న పేరు ఏదంటే ఓబుళమ్మ కాదు, పాపే.

"పాప అనే రాయించుకుందాంలే అక్కా. ఏం పోతాది? అందరికీ తెలుసు కదా నువ్వేనని," అన్నాడు తమ్ముడు. వాడిలో కుట్ర లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. వాడికి నిజంగానే అర్థం కాలేదు. వాడి పేరు ఒక్కరోజు కూడా ఎక్కడా తప్పిపోలేదు, పేరు పోవడమంటే ఏమిటో వాడికెలా తెలుస్తుంది?

"నాయనకు కూతురిగా నా పేరుతో ఉంటా. లేకుంటే అసలు నేను వద్దు," అని పెట్టేశాను.

అలా అందరం పెనుకొండలో ఆ ఆఫీసుకు వెళ్ళాం. అమ్మ, తమ్ముడు, సాక్షిగా మా ఊరి పెద్దాయన ఒకరు, నేను. బల్ల వెనక ఉన్న ఉద్యోగిని చిన్న వయసుది, ఓపికగలది. కార్డు, నా ఆధారు పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"పాప అని ఒకరు, ఓబుళమ్మ అని ఒకరు. మీకు ఇద్దరు కూతుళ్ళా అమ్మా?"

"ఒక్కతే," అంది మా అమ్మ.

"అయితే ఇద్దరూ ఒకరేనని మీరు వాంగ్మూలం ఇవ్వాలి. మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. మిగతావాళ్ళు మాట్లాడొద్దు, తల్లి నోటితో చెప్పాలి. మీ కూతురి పేరేంటమ్మా?"

నలభై రెండేళ్ళ మనిషిని, పదో తరగతి చదివే కూతురున్నదాన్ని, ఒక ఆఫీసు బల్ల ముందు నిలబడి పదేళ్ళ పిల్లలాగా మా అమ్మ నోటి వైపు చూస్తున్నాను.

"ఈమే. ఈడ నిలబడుకోని ఉండాది కదమ్మా," అంది మా అమ్మ.

"ఈమె పేరు?"

"మా అత్త పేరే."

"మీ అత్త పేరేంటి?"

"కొండమీద దేవుడి పేరు. అహోబిలం పోతారు చూడు, ఆయప్ప పేరు."

"నరసమ్మనా?"

"కాదు, కాదు. ఇంగొగటి ఉండాది ఆయప్పకు."

వరుసలో నిలబడినవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. పెద్దాయన, "చెప్పక్కా. సచ్చినామె లేచొస్తాదా ఏమి?" అన్నాడు. తమ్ముడు నేల చూస్తున్నాడు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు చూడగానే నాకు లోపల ఏదో తెగిపోయింది.

"రాయొద్దు మేడం," అన్నాను. "ఈమెకు కూతురే లేదని రాయండి. ఒక కొడుకు, ఒక అత్త. అంతే కన్నది. సచ్చిపోయి ఇరవై ఏళ్ళు దాటిన ముసల్దానికి భయపడే మనిషికి బతికున్న బిడ్డ ఎందుకు? ఆ ముసల్ది నా పేరు తినేసింది, నువ్వు పక్కన కూచోని వడ్డించినావు. ఆ ముసల్ది..."

నా గొంతు ఆఫీసంతా వినపడుతోందని నాకు తెలుసు. ఇంకా ఏమేం అనేదాన్నో.

"ఓబుళమ్మా! మూసుకోవే నోరు! ఆఫీసులో నిలబడుకోని ఏం కూతలు కూస్తాండావే?"

మా అమ్మ లేచి నిలబడింది. చెయ్యి కూడా లేచింది. ఆఫీసులో నవ్వులు ఆగిపోయాయి.

ఎంత నిండుగా పలికిందో. 'ళ' దగ్గర నాలుక మడిచి, అక్కడ ఆగి, అచ్చం అలాగే. అందరూ వాడి వాడి అరగదీసిన పేరు ఆమె దగ్గర పెట్టెలో దాచిన పట్టుచీరలాగా ఒక్క మడత నలక్కుండా ఉంది. ఎవరూ లేనప్పుడు లోపల్లోపల ఎన్నిసార్లు అనుకుని ఉంటే అంత బాగా పలుకుతుంది? ఇన్నేళ్ళూ ఉంచుకుని ఇవ్వలేదు కదా అని, ఆ నిమిషంలో కూడా, నాకు కోపమే వచ్చింది.

మరుక్షణం మా అమ్మ కళ్ళు మూసుకుని రెండు చెంపలూ టపటపా వేసుకుంది. "తప్పాయ, తప్పాయ తల్లీ," అని పైకి చూసి దండం పెట్టింది.

అది చూశాక నాకు ఏడుపు కూడా రాలేదు. నా పేరు మా అమ్మ నోటి నుంచి వచ్చింది, వచ్చిన వెంటనే అది తప్పైంది, ఆ తప్పుకు క్షమాపణ కూడా అయిపోయింది. అదీ నాకు కాదు, అవ్వకు. ఉద్యోగిని తలెత్తకుండా రాసుకుంది. కాగితం తిప్పి వేలిముద్ర వేయించుకుంది. నేను నా పేరున్న చోట సంతకం చేశాను.

బస్టాండుకు వచ్చాం. తమ్ముడూ పెద్దాయనా టీ తాగడానికి పోయారు. రేకుల కింద బెంచీ మీద కూర్చున్నాం. ఎండ కాలు పెట్టనిచ్చేలా లేదు. నేనే అడిగాను.

"ఇంగొకసారి అను."

"చాల్లే. ఒగసారికే ఒళ్ళు ఒణుకుతాంది."

"అంత భయమున్నదానివి ఎందుకన్నావు? సర్టిఫికెట్టు కోసమా?"

"సర్టిఫికెట్టు యాడ గుర్తుండాది నాకు అప్పుడు?"

"మరి? అవ్వను తిట్టినానని, ఆమె మీద భక్తి పొంగిందా?"

మా అమ్మ నా వైపు తిరిగింది. చెంపలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, అంత గట్టిగా వేసుకుంది.

"ఆయమ్మ గ్యాపకం నాకు యాడ ఉండాది? నువ్వు నలుగురిలో అట్ల నోరు పారేసుకుంటాంటే నీ మీద కోపమొచ్చింది. ఆ కోపంలో ఏం పేరో, ఎవరి పేరో చూసుకోల్యా. నిన్ను అంటి. నిన్నే అంటి."

నా మీద కోపమొచ్చిందట. రాగుల మీద కోళ్ళను వదిలినప్పుడు రాని కోపం, విత్తనపు గింజలు ఇల్లంతా చల్లినప్పుడు రాని కోపం. తమ్ముడికి ఇంటి నిండా దొరికింది, నాకు ఒక్క ముద్ద దొరకలేదే అని ఇన్నేళ్ళు కడుపు కాల్చుకున్న కోపం. బస్సులు వచ్చే దారి వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె కొంగుతో నా మొహం తుడిచింది, చిన్నపిల్లకు తుడిచినట్టు, గరుగ్గా. చెమటో ఇంకేదో నేనూ చూసుకోలేదు.

ధర్మవరం బస్సు వచ్చింది. "పో మే, సీటు దొరకదు," అంది. మళ్ళీ మే.

సీటు దొరకలేదు. ధర్మవరం దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చాను. దారి పొడుగునా మా అమ్మ తిట్టిన తిట్టును పెదాల్లోనే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను, 'ళ' దగ్గర ఆగి, అచ్చం ఆమె అన్నట్టే.